నాలుగో మొక్కకు నా ముక్కు సాక్ష్యం

మార్చి 2

మానవజాతికి, ముఖ్యంగా అందులో మామిడిపండు తినే భాగానికి, ముందుగా నా సాష్టాంగ క్షమాపణలు. రేపు పళ్ళన్నీ పుల్లబడినా, తేనెటీగలు సమ్మె కట్టినా, చెట్లు మనిషిని నమ్మడం మానేసినా, పూర్తి బాధ్యత నాదే. గాలివానకు రాలిన పిందెలకూ నాదే. కాగితం మీద రాసిమ్మన్నా రాసిస్తాను. ఈ డైరీలో వినయం ఉండదు. నిజం ఉంటుంది కానీ, మా పాలవాడు పోసే పాలలా కాస్త పలచగా ఉంటుంది. ఎవరూ చదవరని తెలుసు కాబట్టే ఇంత ధైర్యం. అక్క ఒకసారి చదవబోయి, "కోడి కెలికినట్టుంది రా నీ రాత" అని పక్కన పడేసింది.

ఉద్యోగం: పండ్లతోటల పరిశోధన క్షేత్రంలో సహాయకుడు. చేరి ఆర్నెల్లయింది. చేసే పని: పూలకు పెళ్ళిళ్ళు. చిన్న పట్టకారుతో పువ్వులోని మగభాగం తీసేసి, వేరే చెట్టు పుప్పొడి తెచ్చి అద్ది, సంచీ కట్టి, చీటీ తగిలించడం. ఇందుకోసం నేను నాలుగేళ్ళు డిగ్రీ చదివాను. తేనెటీగ ఏమీ చదవలేదు. పని దానిదే బాగుంటుంది.

మా సారు నలభై ఏళ్ళుగా ఒక్క పండు కోసం చూస్తున్నాడు. తోటలో మహారాణి అని ఒక చెట్టుంది. కొమ్మ వంగేలా కాస్తుంది, కాయ చూస్తే చంటిపిల్లంత. కోసి ముక్కు దగ్గర పెట్టుకుంటే మాత్రం తడిసిన అట్టపెట్టె. పంపు దగ్గర ముసలాడు అని ఇంకో చెట్టు. గుప్పెడు కాయలు, నిండా పీచు. కానీ ఒక్కటి పండిందంటే దారిన పోయేవాడు ఆగి, ఎందుకాగాడో మరిచిపోయి నిలబడతాడు. ఆమె ఒళ్ళు, ఆయన వాసన, ఒకే పండులో. సారు కోరిక ఇంతే.

కిందటేడు సారు తన చేత్తో మహారాణి పూలకు ముసలాడి పుప్పొడి అద్దాడు. పదకొండు వందల పూలు. నిలిచినవి ఆరు కాయలు. గాలికి మూడు, ఉడతకి రెండు. మిగిలిన ఒక్క కాయ టెంక నాటితే నాలుగు మొక్కలొచ్చాయి. కవలలని సంబరపడనక్కర్లేదు. మహారాణి జాతి అంతే, ఒక టెంకలో మూడో నాలుగో మొలుస్తాయి. వాటిలో ఒక్కటే తల్లికీ తండ్రికీ పుట్టిన బిడ్డ. మిగతావి అచ్చంగా తల్లికి నకళ్ళు. ఏది ఏదో మొహం చూసి చెప్పలేం.

ఏప్రిల్ ముప్ఫైన సారు రిటైరవుతున్నాడు. ఆయన మొక్కకి క్షేత్రంలో మిగిలింది ఒకే గుంత. ఒక గుంత, ఒక మొక్క. పైవాళ్ళ ఉత్తర్వు.

మార్చి 5

మొక్క ఎవరి బిడ్డో చెప్పే యంత్రం పట్నంలో ఉంది. అది రిపేరులో ఉంది. దాన్ని బాగుచేసే మనిషి సెలవులో ఉన్నాడు. కాబట్టి పాత పద్ధతే గతి: ఆకు నలిపి వాసన చూడటం. మహారాణి ఆకు నలిపితే పచ్చిగడ్డి. ముసలాడి ఆకు నలిపితే కర్పూరంలో నిమ్మతొక్క పిండినట్టుంటుంది. ఏ మొక్క ఆకు ముసలాడిలా వాసనేస్తే అదే బిడ్డ. ఆకులు ముదిరేదాకా ఆగాలని సారు ఇన్నాళ్ళూ ముట్టుకోనివ్వలేదు.

ఇక్కడే ఉంది అసలు సంగతి. సారుకి వాసన తెలియదు. కిందటేడు వచ్చిన జ్వరంతో పోయింది, మళ్ళీ రాలేదు. నలభై ఏళ్ళు ముక్కుతో బతికిన మనిషి. ఈ సంగతి తోటలో నాకొక్కడికే తెలుసు. ఒకరోజు పక్కనే చెత్త కాలుతుంటే తాపీగా రాసుకుంటూ కూర్చున్నాడు. నేను దగ్గుతూ పరిగెత్తుకెళ్ళాను. నా మొహం చూశాడు. నేనాయన మొహం చూశాను.

"ఎవరికీ చెప్పకు" అన్నాడు.

"నా ముక్కు మీ ముక్కే అనుకోండి సార్" అన్నాను. ఏదో మాటకి అన్నాను. ఆయన నిజంగానే అనుకున్నాడు.

మార్చి 9

తుమ్ములు. పదిహేడు. లెక్కపెట్టడం తప్ప చేయగలిగింది లేదు.

మార్చి 11

అక్క ఆవిరి పట్టించింది. దుప్పటి కింద నేనూ, గిన్నె నీళ్ళూ, నా పాపాలూ.

"ఆఫీసుకి సెలవు పెట్టరా."

"రేపు బుఖ్యబైద పది ఉందక్కా."

"ఏం పని? చెట్లకి నీళ్ళేగా?"

దుప్పటి కింద నుంచి ఎవరూ గౌరవంగా జవాబు చెప్పలేరు.

ఆవిరిలో కాసేపు కళ్ళు మూసుకున్నాను. తెల్లటి తోట. చెట్లకి ఆకులకు బదులు చిన్న చిన్న కాగితం చీటీలు. ఒక్కో చీటీ మీదా ఏదో అంకె. గాలి వీస్తే అన్నీ ఒకేసారి తిరిగాయి, చదవబోతే అక్క దుప్పటి లాగేసింది.

మార్చి 12

ఏ మొక్క పెడుతున్నదీ ఇవాళ్టిలోగా రాసి పంపాలి. సారు వరండాలో బల్ల తుడిచి నాలుగు కుండీలు వరసగా పెట్టించాడు. మెడలో చీటీలు: ఒకటి, రెండు, మూడు, నాలుగు. మొదటి మూడూ బడిలో ముందు బెంచీ పిల్లల్లా నిటారుగా ఉన్నాయి. నాలుగోది సన్నం, నడుం దగ్గర వంకర, ఎవరో పిలిస్తే వెనక్కి తిరిగి చూస్తున్నట్టు. నకళ్ళు బలంగా ఎదుగుతాయి, అసలు బిడ్డ తరచూ బక్కది అవుతుంది. అందుకే సారు కళ్ళు మొదటి నుంచీ నాలుగోదాని మీదే ఉన్నాయి. నీళ్ళు కూడా దానికి ముందు పోస్తాడు.

ఒక్కో ఆకూ తుంచి ఇచ్చాడు. నలిపాను. చూశాను. ఒకటి, ఊహూఁ. రెండు, ఊహూఁ. మూడు, ఊహూఁ. నాలుగోది ఇచ్చేటప్పుడు నా మొహంలోకే చూస్తున్నాడు, పరీక్ష ఫలితాలు అంటించే బోర్డులోకి చూసినట్టు.

వచ్చింది సార్, అన్నాను. మూసిన కర్పూరం పెట్టె తెరిచినట్టుంది సార్, అన్నాను. దూరంగా ఎవరో నిమ్మతొక్క నలిపినట్టు, చిన్నప్పుడు ఎక్కిన రైలుపెట్టె గుర్తొచ్చినట్టు, అని ఇంకా చాలా అన్నాను.

సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

మార్చి 13

వాసన వచ్చింది.

మార్చి 14

సారు నాలుగోదానికి ఎర్రదారం కట్టాడు. రేపటి నుంచి ఆరు వారాలు ప్రధాన కార్యాలయంలో ఆయన పింఛను కాగితాల యాత్ర. ముప్ఫైన వచ్చి తన చేత్తో నాటుతాడట.

"మిగతా మూడూ అంటత్తకిచ్చెయ్. వేళ్ళు గట్టిగా ఉన్నాయి, పనికొస్తాయి."

అంటత్త అంటే మా తోటలో అంట్లు కట్టే ఆవిడ. ముప్ఫై ఏళ్ళుగా ఒకే చాకు, అరిగి అరిగి ఆకంత అయింది. పనికిరాని మొక్కలిస్తే తల కోసేసి, ఆ వేరు మీద మంచిరకం కొమ్మ కట్టి బతికిస్తుంది. ఆవిడ నన్ను పేరుతో పిలిచిన పాపాన పోలేదు. "ఒరేయ్ డిగ్రీ" అంటుంది.

సారు గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. నాలుగోదాన్ని చూసుకుని, వెళ్ళాడు.

వాసన వచ్చింది. బాగానే వచ్చింది.

మార్చి 20

జలుబుకి మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులంటారు. నాది పన్నెండో రోజు.

పదకొండింటికి అంటత్త షెడ్డులో చెత్తబుట్ట ఎత్తబోయాను. పొద్దున కోసిన కొమ్మలు అందులో ఉన్నాయి. వంగానో లేదో, కుడి ముక్కురంధ్రంలో ఏదో టప్పున తెరుచుకుంది. తలుపు తీసినట్టు.

కర్పూరం. నిమ్మతొక్క.

ముందు కల అనుకున్నాను. షెడ్డు కప్పులోని చిల్లుల్లోంచి ఎండ నాణేలు నాణేలుగా పడుతోంది, వాటిలో దుమ్ము నిదానంగా తిరుగుతోంది, ముసలాడు పంపు దగ్గర నుంచి లేచొచ్చి నా పక్కన నిలబడ్డట్టుంది. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు.

"ఏంట్రా డిగ్రీ, బుట్టలో తల పెట్టావు? మేకవా?"

"అత్తా, ఇది దేనిది?"

"చీటీ ఉందిగా, చదువుకున్నోడివి."

చీటీ కొమ్మకే వేలాడుతోంది. రెండు.

అత్త నా చేతిలోంచి కొమ్మ తీసుకుంది. చేయి చీరకి తుడుచుకుని, ఆకు నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆవిడ నాలాగా కవిత్వం చెప్పలేదు.

"ముసలాడు" అంది.

ఇద్దరం వరండాలోకి వెళ్ళాం. నాలుగోదాని ఆకొకటి నలిపింది. నాకిచ్చింది. పచ్చిగడ్డి. మహారాణి, అచ్చం మహారాణి.

అప్పుడు అత్త నన్నొక ప్రశ్న అడిగింది. దానికి నేను చెప్పిన జవాబు ఇక్కడ రాయడం అనవసరం. ఒకే టెంకలో రెండు మొక్కలకీ ఆ వాసన ఉండొచ్చు. ఒకదానికి ఉండి పోయి ఉండొచ్చు. సైన్సులో ఏదైనా ఉండొచ్చు.

"రెండోదాని వేరు మీదే తిరిగి కట్టెయ్యత్తా."

"దాని మీద పొద్దునే వేరే తల కూర్చోబెట్టా. గంటకొకళ్ళని దింపడానికి అదేమన్నా మీ ఆఫీసు కుర్చీనా?"

"మరి?"

"వేరే ఏ కుండీలోదాని మీదైనా కడతాను. బతుకుద్ది. కానీ అది బతికి ఎక్కడికెళ్తుంది? ఉన్నది ఒక్క గుంత. అందులోకి పోయేది ఎర్రదారం కట్టుకున్నది."

వంకరది మమ్మల్నే చూస్తోంది.

"అయితే దీని మీదే కట్టు" అన్నాను.

"మీ సారు ప్రాణం రా ఇది."

"తల తియ్యకు. పక్కన కట్టు."

అత్త చాకు బండ మీద రెండుసార్లు రాసింది. "తల నేను తియ్యను. పక్కన కడతా, పడితే పడుద్ది. తల తీసేవాడు వేరే ఉన్నాడు. ఆయనకి చెప్పేవాడూ వేరే ఉన్నాడు. వాడికి ఇప్పుడు ముక్కు బాగానే పని చేస్తోంది. నోరు చెడింది."

నాలుగోదాని నడుం మీద నాలుక ఆకారంలో చెక్కు తీసింది. రెండోదాని కొమ్మ చివర అంతే చెక్కింది. పచ్చటి గాయానికి పచ్చటి గాయం ఆనించి, ప్లాస్టిక్ పట్టీ చుట్టింది. నేను పట్టీ కొస పట్టుకున్నాను. పైన చిన్న సంచీ తొడిగింది, పసిపిల్లకి టోపీ పెట్టినట్టు.

మార్చి 23

ఏమీ లేదు.

మార్చి 26

ఏమీ లేదు. రోజుకి నాలుగుసార్లు చూస్తే ఏదైనా ఉంటుందని ఎవరు చెప్పారు.

మార్చి 30

సారు ఫోన్ చేశాడు. "ఎలా ఉంది?"

"బాగుంది సార్."

"చిగురేసిందా?"

"ఇంకా లేదు సార్." ఇది నిజం. ఈ నెలలో నేను సారుకి చెప్పిన నిజాలన్నీ ఒకచోట రాసుకుంటే ఈ లైను మొదట వస్తుంది. రెండో లైను ఇంకా దొరకలేదు.

ఏప్రిల్ 3

కల. సారు, నేను, ఒక పొడవాటి గది. గది నిండా పళ్ళు, గోడల దాకా, కాళ్ళు పెట్టే చోటు లేదు. సారు ఒక్కో పండూ తీసి నాకిస్తాడు. నేను ముక్కు దగ్గర పెట్టుకుంటాను, ఆహా అంటాను. అన్నీ గాజువి. ఆయన వేళ్ళతో తడుముతూనే ఉన్నాడు, గాజని తెలియట్లేదా, తెలిసీ ఇస్తున్నాడా. అడుగుదామనుకుంటే నా నోట్లోంచి తుమ్మొచ్చింది. పళ్ళన్నీ ఒక్కసారిగా మోగాయి.

ఏప్రిల్ 8

పట్టింది. సంచీలో, కొమ్మ కొసన, వడ్లగింజంత ఉబ్బు. అత్తని చేయి పట్టుకుని లాక్కొచ్చాను.

"చూశాలే. నిన్ననే చూశా."

"మరి చెప్పలేదేం?"

"చెప్పకపోతే ఎలా ఉంటుందో నీక్కూడా తెలవాలిగా."

ఏప్రిల్ 15

చిగురు. రాగిరంగు, తడిగా, ముట్టుకుంటే కందేలా. ఎండలో పెడితే ఆకులోంచి అవతలి గోడ కనపడుతోంది. ఒకే మొక్కకి ఇప్పుడు రెండు తలలు: పైన పాతది, ఆకుపచ్చగా, ఎర్రదారంతో. పక్కన కొత్తది. రెండూ ఒకే వేరు నీళ్ళు తాగుతున్నాయి, ఒకదానితో ఒకటి మాట్లాడట్లేదు. అక్కా తమ్ముళ్ళు ఇంట్లో ఇలాగే ఉంటారు.

పని మానేసి గంటసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఎవరైనా అడిగితే పరిశీలన అని చెబుదామనుకున్నాను. ఎవరూ అడగలేదు.

ఏప్రిల్ 19

అక్క: "ఏంట్రా, అన్నం ముందు పెట్టుకుని గోడకి ఏదో చెప్తున్నావు?"

"ప్రాక్టీసు."

"పిల్లా?"

"సారు."

"అయ్యో" అంది. ఎందుకో నవ్వలేదు.

ఏప్రిల్ 24

మూడు వాక్యాలు తయారు. మొదటిది "సార్, సైన్సులో అనిశ్చితి అనేది" అని మొదలవుతుంది. రెండోది "సార్, ఒకవిధంగా చూస్తే" అని. మూడోది "సార్" అని మొదలై అక్కడే ఆగిపోతుంది. మూడోదే బాగుంది.

ఏప్రిల్ 30

సారు ఎనిమిదింటికే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో సొంత గునపం. ఆఫీసులోకి వెళ్ళకుండా తిన్నగా గుంత దగ్గరకొచ్చాడు. నేను కుండీ మోసుకొచ్చి పెట్టాను. అత్త వెనకాల నీళ్ళ బిందె దించి నిలబడింది.

సారు మొక్కని చూశాడు. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశాడు. రెండు తలలు. వేలితో కాండం మీద పైనుంచి కిందికి వచ్చి, పట్టీ కట్టిన ముడి దగ్గర ఆగాడు.

"కట్టిందెవరో అడగను. ఇంత సన్నంగా కట్టే చేయి ఈ తోటలో ఒక్కటే."

అత్త ఆకాశం వైపు చూసింది. అక్కడ కాకి కూడా లేదు.

"ఎందుకు కట్టారో చెప్పేదెవరు?"

నా మూడు వాక్యాలూ ఎటుపోయాయో. "సార్" అన్నాను. "ఆ రోజు..."

"జలుబు తగ్గిందా?" అన్నాడు.

నేను ముక్కు తడుముకున్నాను.

"ఆ రోజు నువ్వు మామిడిని బాబిడి అన్నావు. ముసలాణ్ణి బుసలాడన్నావు. నాకు పోయింది ముక్కు. చెవులు కాదు."

"మరి... ఎందుకు నమ్మారు సార్?"

"నమ్మలేదు." గునపం పక్కన పెట్టి మట్టిలో గొంతుక్కూర్చున్నాడు. "నమ్మాలనిపించింది. నాలుగోదే కావాలని నేను ఎప్పుడో అనేసుకున్నా. ఎవరో ఒకరు అవునంటే చాలు. నువ్వు అంటావని తెలుసు. అందుకే, జలుబు చేసినవాడివని తెలిసీ నిన్నే అడిగా. కర్పూరం పెట్టె అదీ చెప్పావు చూడు, రైలు... బాగుంది. రాసుకుందామనుకున్నా."

అత్త గట్టిగా ముక్కు చీదింది. ఎండకి అయ్యుంటుంది.

"ఇప్పుడు చూడు. రెండూ."

పాత తల నుంచి ఒక ఆకు నలిపాను. "గడ్డి సార్. మహారాణి." కొత్త తల నుంచి లేతది కాకుండా కింద కాస్త ముదిరినది నలిపాను. "ముసలాడు." ఇంకేమీ అనలేదు.

సారు ఆ ఆకు నా వేళ్ళలోంచి తీసుకున్నాడు. ముక్కుకి ఆనించుకుని కళ్ళు మూసుకుని చాలాసేపు పీల్చాడు. తోటంతా ఆగినట్టుంది. నేనూ అత్తా ఊపిరి బిగబట్టాం, మా వంతు కూడా ఆయనకే దక్కుతుందన్నట్టు.

"నాకు రాలేదు" అన్నాడు.

ఆకు నా అరచేతిలో పెట్టాడు. "చూశావా, రాలేదని చెప్పడం మరీ అంత కష్టమేం కాదు."

చాకు కోసం చేయి చాచాడు. అత్త ఇచ్చింది. తన నాలుగోదాని తల, తొమ్మిది నెలలుగా అన్నిటికన్నా ముందు నీళ్ళు పోసిన తల, రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. కాసేపు అలాగే ఉంచాడు. ఒక్క కోత. ఎర్రదారం విప్పి కొత్త కొమ్మకి వదులుగా కట్టాడు. కోసిన తల మాత్రం బుట్టలో వేయలేదు, ఇస్త్రీ చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ముగ్గురం నాటాం. నీళ్ళు ఆయనే పోశాడు.

"కాపుకి ఐదేళ్ళు పడుతుంది" అన్నాడు లేస్తూ. "అప్పటికి నువ్వు జలుబు తెచ్చుకోకు."

గేటు దాటేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

సాయంత్రం ఆ గుంత దగ్గరే కూర్చుని ఇది రాస్తున్నాను. మొదటి పేజీలో పిందెలకూ తేనెటీగలకూ నాదే బాధ్యతన్నాను. కొట్టేస్తున్నాను. వాటిలో దేంతోనూ నాకు సంబంధం లేదు. పూలకు పెళ్ళి చేసింది సారు. టెంక మొలిచింది దానంతటదే. తల కోసింది అత్త, తిరిగి కట్టింది అత్త, రెండోసారి కోసింది సారు, నాటింది సారు. పట్టీ కొస పట్టుకోవడాన్ని పని అనరు.

నేను నిజంగా చేసింది ఒక్కటే. మార్చి పన్నెండున నాలుగోదాని ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా రాలేదు. వచ్చిందన్నాను.